మూడో మట్టి, నాలుగో పుస్తకం

సదానందం సార్ తన ఇంటికి వస్తారని వందన ఎప్పుడూ అనుకోలేదు. కరీంనగర్‌లో ఆమెకు ఎం.ఏ. తెలుగు చెప్పిన గురువు ఆయన. ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైనా, జిల్లాలో ఎవరు పుస్తకం వేసినా మొదటి ప్రతి ఆయన చేతికే వెళుతుంది. ఆయన బాగుందంటే పదిమంది చదువుతారు. ఆయన పెదవి విరిస్తే ఆ పుస్తకాల కట్టలు విప్పకుండానే మూలన పడి ఉంటాయి. అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున చొప్పదండిలో ఆమె ఇంటి ముందు ఆటో దిగారు.

వందన అక్కడి జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. డిగ్రీలో ఫిజిక్స్ చదివి, ఆ తర్వాత తెలుగులోకి మారింది. మొదట్లో ఆమె వేసిన రెండు కథల పుస్తకాలకు సారే ముందుమాట రాశారు. తర్వాత ఆమె ‘మూడో మట్టి’ పేరుతో సైన్స్ ఫిక్షన్ సిరీస్ మొదలుపెట్టింది. ఆనాటి నుంచి ఆయన సభల్లో ఆమె పేరెత్తడం మానేశారు. ఎదురుపడితే "కథలు రాస్తున్నవా?" అని అడిగేవారు. సిరీస్ రాస్తున్నానని చెబితే, "అది సరే, కథలు?" అనేవారు.

ఆ సిరీస్‌లో కథ ఇది. రాబోయే కాలంలో ఎప్పుడో, వేరే గ్రహం మీద గనులు తవ్వే కంపెనీలకు కూలీలు అవసరమవుతారు. ఏజెంట్లు పల్లెల్లోకి దిగుతారు. పోచమల్లు అనే రైతు రెండేళ్ల కాంట్రాక్టు మీద బయలుదేరుతాడు. కూలీలను మోసుకుపోయే అంతరిక్ష ఓడ వేగానికి లోపల ఉన్నవాళ్లకు కాలం మెల్లగా నడుస్తుంది. పోచమల్లు పోయి వచ్చేసరికి అతనికి రెండేళ్లే గడుస్తాయి కానీ ఊళ్లో నలభై ఏళ్లు దాటిపోతాయి. ఆ సంగతి ఏజెంటు ఎవరికీ చెప్పడు. పుట్టిన ఊరిది ఒక మట్టి, గల్ఫ్ ఇసుక రెండోది, ఇది మూడోది అంటూ కూలీలు ఆ గ్రహానికి ఆ పేరు పెట్టుకుంటారు. మొదటి పుస్తకంలో పోచమల్లు పోతాడు. రెండోదంతా ఆ గ్రహం మీద. మూడోదంతా ఊళ్లో ఎదురుచూపు. నాలుగోదాంట్లో తిరిగి వస్తాడు. అప్పటికి అతని బిడ్డ రాధ అతనికంటే పెద్దదైపోయి ఉంటుంది. నెరిసిన తలతో వాకిట్లో కూర్చున్న ఆమెను గుర్తుపట్టక, "అవ్వా, పోచమల్లు ఇల్లు గిదేనా?" అని అడుగుతాడు.

"నీ నాలుగో పుస్తకం చదివిన వందనా," అన్నారు సార్, చాయ్ గ్లాసు అందుకుంటూ. "హైదరాబాద్ నుంచి బస్సుల వస్తుంటె చదివిన. కండ్ల నీళ్లు ఆగలే. పక్క సీటాయన పరేషానై, ఎవరన్న పోయిండ్రా సార్ అని అడిగిండు."

వరండాలో బీడీలు చుడుతున్న వందన తల్లి భూమవ్వ తలెత్తింది. "పోచమల్లు ఇంటికచ్చిన కాడనా సార్? నేను గూడ గక్కడనే ఏడ్సిన. మా బిడ్డ చదివి ఇనిపిచ్చింది."

సార్ ఆమె వైపు చూసి నవ్వి, మళ్లీ వందన వైపు తిరిగారు. తాను అధ్యక్షుడిగా ఉన్న సాహిత్య పీఠం ఈ ఏడు నవలా పురస్కారాన్ని ఆ పుస్తకానికి ఇవ్వాలనుకుంటోందని చెప్పారు. ఆరేళ్లుగా ఆ నోటి నుంచి ఒక్క మాట కోసం ఆమె లోలోపల ఎదురుచూస్తూనే ఉంది.

"కని రెండు ముచ్చట్లున్నయ్," అన్నారు సార్. "అట్ట మీద నాలుగు అనే అంకె తీసెయ్యాలె. దానంతట అదే నవల అని కొత్త ముద్రణ రావాలె. ఇగ మొదట్ల ఆ ఓడ, ఆ వేగం, ఆ లెక్కలు ఉన్నయ్ గద, అవి కొట్టేస్తె సరిపోతది. పోచమల్లు ఎటు వోయిండో చెప్పకు. ఏదో పరాయి దేశం జైల్ల ఉన్నడని చదివెటోళ్లే అనుకుంటరు."

"ఎందుకు సార్?"

"ఎందుకేంది? సిరీస్ అంటె చదివెటోన్ని కొక్కానికి తగిలిచ్చి పెట్టుడు. తర్వాత ఏమైతదో అని ఆశ చూపెట్టుడు. అది సరుకు, సాహిత్యం గాదు. సాహిత్యం ఒక్క పుస్తకంల నిండుగ ఉండాలె. గ్రహాలు, ఓడలు అంటవా, అవి పిల్లల ముచ్చట్లు. నీకు మనుషుల గురించి రాసే చెయ్యి ఉన్నది. దాన్ని ఎందుకు వాటి కింద వెట్టి తొక్కుతవ్?"

తల్లి చేతిలో బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"మా బాపు మస్కట్ వోయిండు సార్," అంది వందన. "రెండేండ్లు అక్కడ, రెండు నెలలు ఇక్కడ, మల్ల రెండేండ్లు అక్కడ. ఆయన వోయినప్పుడల్లా మా ఇంట్ల ఒక కథ ఆగిపోతుండె. వచ్చినప్పుడు ఇంకోటి మొదలైతుండె. మా బతుకే భాగాలు భాగాలుగ నడిచింది. అది ఒక్క పుస్తకంల నిండుగ ఎట్ల వడ్తది? పోచమల్లు జైల్ల ఉంటె ఆయన గూడ ముసలోడైతడు. అప్పుడు బిడ్డ కంటె తండ్రి చిన్నోడు ఎట్లయితడు? మీరు ఏడ్సిన కాడ ఆ ఓడనే ఉన్నది సార్. అది తీసేస్తె మీకు ఏడుపు గూడ రాదు."

సార్ గ్లాసు కింద పెట్టారు.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మొదటి మూడు చదివిండ్రా?"

"అవసరం రాలే. నాలుగోది నిలబడ్డది, చాలు."

"మొదటి పుస్తకంల రాధ చిన్నపిల్ల సార్. బాపు మెడ ఇడిసిపెట్టకుంట బస్టాండ్ల ఏడ్సింది. ఆ పిల్లను ఎత్తుకున్నోళ్లకే గా వాకిట్ల కూసున్న ముసలామె ఎవరో తెలుస్తది. పురస్కారం ఇస్తె మూడో మట్టి నాలుగో పుస్తకానికి ఇయ్యుండ్రి. లేకుంటె నాకొద్దు."

"ఆలోచన చేసుకో. కోపంల చెప్పిన మాటను నేను లెక్కవెట్టను," అంటూ సార్ లేచారు. చాయ్ సగం అలాగే మిగిలింది.

ఆయన వెళ్లాక భూమవ్వ చేటను పక్కకు జరిపింది. "పెద్దమనిషి ఇంటిదాక వచ్చిండు. జర మెత్తగ చెప్పకపోతివి?"

"మెత్తగనే చెప్పిన అవ్వా."

"ఏం మెత్తనో! అయినా ఆయన వచ్చిండు గద, పోచమల్లు. కథ అయిపాయె. ఇంకా ఐదోదాంట్ల ఏం రాస్తవ్?"

"వచ్చినంకనే అసలు కథ. బాపు మొదటిసారి వచ్చినప్పుడు నువ్వు నెలదాక ఆయనతోని సరిగ్గ మాట్లాడలే, యాదికున్నదా? ఎవరో కొత్త మనిషి ఇంట్లకు వచ్చినట్టున్నది అన్నవ్."

భూమవ్వ కంగారుగా చూసింది. "గవన్ని రాస్తవా ఏంది? మీ బాపు ఇంటె ఏమన్న ఉన్నదా!"

తల్లితో నవ్వుతూ మాట్లాడింది కానీ ఆ వారమంతా వందనకు మనసు నిలకడగా లేదు. సార్ మూర్ఖుడు కాడు. పద్యంలో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఏం పోతుందో తరగతిలో గంటసేపు చెప్పి, వినేవాళ్లను కదలకుండా కూర్చోబెట్టిన మనిషి. ఆయన చెప్పినట్టే చేసి చూద్దామనుకుంది. నాలుగో పుస్తకాన్ని కంప్యూటర్‌లో ఇంకో ప్రతి తీసి, ఓడ ఉన్న పేజీలన్నీ కొట్టేసింది. పోచమల్లును పరాయి దేశపు జైలు నుంచి నడిపించుకుంటూ ఊరికి తెచ్చింది. వచ్చినవాడు ముసలివాడు. వాకిట్లో ఉన్నది నడివయసు బిడ్డ. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. చదువుకుంటే బాగానే ఉంది. అలాంటివి అప్పటికే చాలామంది రాశారు, తానూ మొదటి కథల పుస్తకంలో ఒకటి రాసింది. కానీ కన్నబిడ్డను ‘అవ్వా’ అని పిలిచే తండ్రి అందులో లేడు. తనకంటే చిన్నవాడైన తండ్రికి బువ్వ పెట్టి, అతను తింటుంటే కొడుకును చూసినట్టు చూసే రాధ లేదు. వందన ఆ ప్రతిని తుడిచేసింది. ఆ తర్వాత ఆమెకు సందేహం రాలేదు.

ఆమె పుస్తకాలు అచ్చువేసే ఓంప్రకాశ్ కరీంనగర్ నుంచి రోజుకోసారి ఫోన్ చేసేవాడు. మంచివాడే, కానీ పురస్కారం పేరు వినగానే కాలు నేల మీద నిలవడం లేదు.

"ఒక్క అంకె మేడం. దాన్ని తీసేస్తె ఏం వోతది?"

"ముందటి మూడు పుస్తకాలు వోతయ్."

కొన్నాళ్లకు అతనే సంతోషంగా ఫోన్ చేశాడు. "ఇగ ఫికర్ లేదు మేడం. సార్ ఒప్పుకున్నడు. మీ పుస్తకం మీ ఇష్టం అన్నడు. సభకు రాండ్రి, అంతే."

వందన నమ్మింది. నమ్మాలనే ఉంది ఆమెకు కూడా. సభ రోజు తల్లి పెట్టెలోంచి తీసిచ్చిన పట్టుచీర కట్టుకుని కరీంనగర్ బస్సెక్కింది.

ఫంక్షన్ హాలులోకి అడుగుపెడుతూనే వేదిక మీది ఫ్లెక్సీ కనిపించింది. ‘వలస నవల మూడో మట్టికి పురస్కారం’ అని రాసి ఉంది. గుమ్మం పక్కన బల్ల మీద కొత్త ముద్రణ ప్రతులు. అట్ట మీద అంకె లేదు. తిప్పి చూస్తే లోపలి పేజీలు మార్చలేదు గానీ వెనక అట్ట మీద ‘స్వతంత్ర నవల’ అని వేశారు. ఆమె ఓంప్రకాశ్ కోసం వెతికింది. అతను స్తంభం వెనక ఎవరితోనో మాట్లాడుతూ ఇటు చూడటం లేదు. ఈలోపు ఎవరో వచ్చి ఆమె చేయి పట్టుకుని వేదిక మీదికి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టారు.

సభ నడిపే ఆయన సన్మాన పత్రం చదవడం మొదలుపెట్టాడు. "సైన్స్ ఫిక్షన్ అనే ముసుగు వేసుకున్నప్పటికీ, ఆ ముసుగు తొలగించి చూస్తే ఇది అచ్చమైన సాహిత్యమని..."

సదానందం సార్ శాలువా విప్పి ఆమె దగ్గరకు వచ్చారు. వందన లేచి నిలబడింది. భుజం వంచలేదు. రెండు చేతులతో శాలువాను అందుకుని, మళ్లీ మడతపెట్టి, తాను కూర్చున్న కుర్చీలో పెట్టింది. తర్వాత మైకు దగ్గరకు వెళ్లింది.

"పెద్దలందరికి దండం. ఇది ముసుగు కాదు. నా పుస్తకం మొఖమే ఇది. మొఖం తీసేసి సన్మానం చేస్తమంటె నేనెట్ల తీసుకుంట?"

హాలులో గుసగుసలు లేచాయి. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

"వందనా, మర్యాద!" అన్నారు సార్, మైకు లేకుండానే అందరికీ వినిపించేలా.

"మర్యాద తోనే చెప్తున్న సార్. పేరు చూసి పుస్తకాన్ని తూచొద్దు, లోపలికి వోయి చదవాలె అని నాకు చెప్పింది మీరే. ఈ వేదిక మీద మొదటి మూడు పుస్తకాలు చదివినోళ్లు ఎవరన్న ఉన్నరా? ఉంటె చెప్పుండ్రి. చదివి, బాగలేదనుండ్రి. నేను ఇంటికి వోయి మంచిగ రాయనీకి చూస్త. చదవకుంట సాహిత్యం కాదంటె మాత్రం ఒప్పుకోను. సిరీస్‌ను, సైన్స్ ఫిక్షన్‌ను చిన్నపిల్లలను చూసినట్టు చూసి, ఏడుపు వచ్చిన పుస్తకాన్ని ఒక్కదాన్ని మా వాకిట్లకు రా అని పిలుస్తున్నరు. అది ఒక్కతే రాదు. మిగిలిన మూడింటిని తీసుకోనే వస్తది."

సార్ ముఖం ఎర్రబడింది. వందన ఆయనకు నమస్కారం పెట్టి మెట్లు దిగింది. రోడ్డు మీదికి వచ్చింది. ఎదురుగా ఉన్న చెరుకురసం బండి దగ్గర ఆగి రెండు గ్లాసులు తాగింది.

తర్వాతి వారం ఒక పత్రిక సాహిత్య పేజీలో ‘అహంకారానికి అట్ట వేస్తే’ అనే శీర్షికతో వ్యాసం వచ్చింది. కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. ఫోన్ గ్రూపుల్లో ఆమెకు పొగరన్నారు, పిచ్చన్నారు. గురుద్రోహమని కూడా అన్నారు. ఆ ఒక్క మాట మాత్రం గుచ్చుకుంది. ఓంప్రకాశ్ క్షమించమని అడిగాడు. ఐదో పుస్తకం మాత్రం తన వల్ల కాదని చెప్పేశాడు.

"మీది తప్పని అంటలేను మేడం. కని నేను ఈ ఊర్లనే ప్రెస్సు నడుపుకోవాలె."

"నడుపుకో. నేను ఈ ఊర్లనే రాసుకుంట," అంది వందన.

భూమవ్వ ఆ గొడవ గురించి ఒక్కసారే మాట్లాడింది. పట్టుచీర మడతపెడుతూ, "సార్ మొఖం చూస్తె పాపం అనిపియ్యలేదా?" అని అడిగింది. అనిపించిందని వందన ఒప్పుకుంది. "మరి?" అంది తల్లి. "పాపం అనిపించినా చెప్పేది అదే," అంది బిడ్డ. భూమవ్వ చీరను పెట్టెలో పెట్టి మూత వేసింది.

భైంసా నుంచి ఫోన్ వచ్చింది ఆ రోజుల్లోనే. అవతలి మనిషి పేరు అంబదాస్, అక్కడి డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాడు. నెలకోసారి పాఠకులను పోగుచేసి ఒక పుస్తకం గురించి మాట్లాడిస్తుంటాడు. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు మాట్లాడే మనిషి కావడంతో అతని మాట కాస్త ఊగుతూ వచ్చేది.

"పత్తి తీసే దినాలల్ల మా దగ్గర ఎవ్వరు దొరకరు మేడం. గిప్పుడు జర ఖాళీ ఉన్నది. మీ నాలుగు పుస్తకాలు చదివినం. మీరు రాండ్రి. సదానందం సార్‌ను గూడ పిలిచినం."

"ఆయన రారు."

"వస్తనన్నడు! కని జర టైం ఇయ్యుమన్నడు. ముందటి మూడు చదవాలె అన్నడు."

వందన తేదీ అడిగి రాసుకుంది.

భైంసాలో పత్తి వ్యాపారుల సంఘం హాలులో సమావేశం పెట్టారు. వందన వెళ్లేసరికి సార్ అప్పటికే వచ్చి ఉన్నారు. ఒళ్లో నాలుగు పుస్తకాలు, వాటి నిండా కాగితపు ముక్కలు గుర్తులుగా పెట్టి ఉన్నాయి. ఆమె నమస్కారానికి తల ఊపారు గానీ నవ్వలేదు. ముప్పై మంది దాకా జనం చాపల మీద కూర్చున్నారు. అంబదాస్ నాలుగు మాటల్లో ఇద్దరినీ పరిచయం చేసి పక్కకు తప్పుకున్నాడు.

సార్ రెండో పుస్తకం తెరిచారు.

"నాలుగోది అన్నింటికంటె మంచిదనుకున్న. కాదు. ఇది మంచిది. గ్రహం మీద కూలోళ్లు సూర్యుడు లేని కాడ పండుగ ఎప్పుడు చేసుకోవాలె అని కొట్లాడుకుంటరు చూడుండ్రి, దాన్ని నేను రెండుసార్లు చదివిన. గ్రహం లేకుంటె ఆ కొట్లాట లేదు. ఆ మాట ఒప్పుకుంటున్న." ఆయన ఆ పుస్తకం మూసి ఇంకోటి తీశారు. "ఇగ మూడోది. ఇది దండగ. మూడొందల పేజీలల్ల ఏం కాదు. పోచమల్లు పెండ్లాం రాజవ్వ నీళ్లు తెస్తది, పొయ్యి ముట్టిస్తది, తొవ్వ చూస్తది. మల్ల నీళ్లు తెస్తది. ఐదో పుస్తకం దాక సాగదీయాలె గనుక రాసినవ్. సిరీస్‌కు ఉండే రోగమే ఇది."

వందన ముఖంలోకి వేడి పాకింది. "ఏం కాకపోవుడే దాంట్ల కథ సార్! ఎదురుచూసుడు అంటె గదే. తొందరగ అయిపోతె అది ఎదురుచూపు ఎట్లయితది? చదివెటోళ్లు గూడ రాజవ్వ తోని తొవ్వ చూడాలె అనే రాసిన."

"ఏం కానిదాన్ని రాసుడు వేరు వందనా. ఏం రాయకపోవుడు వేరు. రాజవ్వ విసుగు పడాలె, నేను గాదు."

కొందరు నవ్వారు. వందన హాలు వైపు తిరిగింది. ముందు వరసలో మంజుల అనే టీచరమ్మ కూర్చుని ఉంది. ఆమె భర్త ఒమన్‌లో ఉంటాడని అంబదాస్ ముందే చెప్పాడు. ఈమె తన వైపు ఉంటుందని వందనకు గట్టి ధైర్యం.

"మీరు చెప్పుండ్రి మేడం. మూడోది మీకెట్ల అనిపించింది?"

మంజుల మొహమాటంగా కొంగు సర్దుకుంది. "నిజం చెప్పాల్నా? నేను దాన్ని సగంల ఇడిసిపెట్టిన. అది నాకు రోజు ఉన్నదే గద. నాకు రెండోది కావాలె. ఆయన అక్కడ ఏం తింటుండు, ఎవరితోని మాట్లాడుతుండు, గది నాకు ఎవరు చెప్తరు? ఫోన్ల అడిగితె అంతా మంచిగనే ఉన్నది అంటడు."

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. సార్ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. వందనకు ముందు చిన్నబోయినట్టు అనిపించినా, ఆ వెంటనే తనకే నవ్వొచ్చింది. ఇంకొకతను లేచి, తనకు మూడోదే ఇష్టమన్నాడు. గోదావరి ఎండిన ఏడు ధర్మపురిలో జనం ఇసుకకు దండం పెట్టే ఘట్టం చాలన్నాడు. పక్కనున్నవాడు ఒప్పుకోలేదు. తర్వాత ఎవరు ఎవరితో వాదిస్తున్నారో తెలియలేదు. పోచమల్లు తప్పు చేశాడని ఒకరు, ఏజెంటుదే తప్పని ఒకరు, రాధ పెళ్లి అట్లా ఎందుకు చేశారని ఇంకొకరు అడిగారు. అది సైన్స్ ఫిక్షన్ కదా అని ఎవరూ అనలేదు.

వాదన పూర్తికాకముందే అంబదాస్ జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా పచ్చడి తెప్పించాడు. అందరూ చాపల మీదే తినడానికి కూర్చున్నారు. సార్ వందన పక్కకు వచ్చి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూలబడ్డారు.

"ఆనాడు ఓంప్రకాశ్ నీకు చెప్పి ఒప్పిచ్చిండనుకున్న," అన్నారు రొట్టె తుంచుతూ. "అయినా అడగకపోవుడు నా తప్పే. పురస్కారం సంగతి అయిపోయింది. కమిటీ మల్ల ఇయ్యదు, నేను అడగను గూడ."

"నేను గూడ అడగను సార్."

"నీ పుస్తకాలు సాహిత్యం కాదని ఇగ అనను. కని మూడోది బాగలేని సాహిత్యం. ఆ మాట రాస్త."

"రాయుండ్రి. బాగలేదంటె కొట్లాడుత. సాహిత్యం కాదంటెనే ఊకోను."

"కొట్లాడు," అన్నారు సార్. ఠేచా నాలుకకు తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపితే వందన అందించింది.

అన్నట్టే ఆయన రాశారు. నెల తిరిగేలోపు ఆదివారం సాహిత్య పేజీలో పెద్ద వ్యాసం వచ్చింది. నాలుగు పుస్తకాలనూ ఒకే రచనగా పట్టుకుని, మొదటి పుస్తకం మొదటి వాక్యం నుంచి నాలుగో పుస్తకం ఆఖరు పేజీ దాకా నడిచారు. రెండో పుస్తకాన్ని మనసారా మెచ్చుకున్నారు. మూడోదాన్ని మూడు కాలమ్‌ల నిండా చీల్చి చెండాడారు. రాజవ్వను రచయిత్రి ఎదురుచూపుల బొమ్మగా నిలబెట్టిందే తప్ప మనిషిగా బతకనివ్వలేదని, నలభై ఏళ్లలో ఒక్కరోజైనా ఆమె మొగుణ్ని మరిచిపోయి ఉండదా అని అడిగారు.

వందన దాన్ని ఇంటి వరండాలో నిలబడే చదివింది. ఆ చివరి ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది. తల్లి వైపు చూసింది. భూమవ్వ బీడీల కట్ట కడుతూ, "ఏమన్నడు సార్? తిట్టిండా?" అని అడిగింది.

"మస్తు తిట్టిండు."

"మరి గంత సంబురం ఏంది నీ మొఖంల?"

వందన జవాబు చెప్పకుండా లోపలికి పోయి పత్రిక సంపాదకుడికి ఫోన్ చేసింది. తాను జవాబు రాస్తానంది. అరపేజీ ఇస్తానన్నాడు ఆయన. సరిపోదంది. అంతకంటే కుదరదన్నాడు. సరే, మిగతాది వచ్చే వారం వేయండి, భాగాలుగా రాయడం నాకు అలవాటేనని చెప్పి ఫోన్ పెట్టేసింది. రాజవ్వ గురించి సార్ అన్నదాంట్లో నిజముందని ఆమెకు తెలుసు. ఐదో పుస్తకంలో ఆమె కోసం ఒక అధ్యాయం అప్పుడే మనసులో మొదలైంది కూడా. అయినా ఆ మాట సార్‌కు ఇప్పుడే చెప్పే ఉద్దేశం లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ‘మూడో పుస్తకం మీద సదానందం గారు రాసింది తప్పు’ అని మొదటి వాక్యం రాసింది.